పోగు పక్కన పోగు

2024 అక్టోబర్ 20, ఆదివారం, జగిత్యాల

బామ్మర్ది నిన్న మళ్ల దుబాయ్ విమానం ఎక్కిండు. దసరాకు వచ్చినప్పుడు తెచ్చిన ప్లాస్టిక్ గొట్టాన్ని పోయే రోజు దాకా దాచిపెట్టి, బ్యాగులు కట్టుకుంటూ నా చేతిలో పెట్టిండు. మూత తీస్తే రెండు ముక్కల కార్బన్ కర్ర. కలిపితే ఏడడుగులు. మొదలు బొటనవేలంత లావు, కొస అగ్గిపుల్ల కంటే సన్నం. లోపల బోలు. పిడి లేదు, రింగు లేదు, కంపెనీ పేరు కూడా లేదు. ఇట్లాంటి ఒట్టి కర్రను బ్లాంక్ అంటరట. ఒక పొట్లంలో చిన్నాపెద్దా రింగులు, ఇంకోదాంట్లో రీలు బిగించే సీటు.

"సెలవు రోజు క్రీక్ ఒడ్డుకు కేరళోళ్లు, ఫిలిప్పీనోళ్లు వస్తరు బావా. కొందరు కర్రలు వాళ్లే కట్టుకుంటరు. నీ చేతులు ఊకె ఉండయి కదా, నువ్వూ ఒకటి కట్టు" అన్నడు.

మా ఇంటామె మాట వేరే. ఆన్‌లైన్‌లో అయిదారు వందలు పెడితే కట్టె తయారుగా వస్తుంటే కట్టుడెందుకని. నిజమే, వస్తది.

గాలం నాకు కొత్త కాదు. సిరిసిల్ల పోరగాళ్లం వానలు వెనకపట్టినంక మానేరు ఒడ్డునే ఉండేటోళ్లం. కంక కట్టె, తంగూసు, బెండుకు నెమలీక కాడ, తడి మన్ను తవ్వితే ఎర్రలు. పరకలు పడేవి, జెల్లలు పడేవి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా సలుపు. ఆ కట్టెకు రింగుల్లేవు, రీలు లేదు. తంగూసును కొసకు ముడేస్తే కట్టె పొడుగెంతో గాలం అంత దూరమే. రీలు వచ్చినంక కట్టె పనే మారింది. దారం కర్ర పొడుగునా రింగుల్లోంచి ఉరుకుతది. చేప గుంజినప్పుడు కర్ర వంగి ఆ గుంజుడును తన మీద వేసుకుంటది. దారం తెగకుండ కాసేది ఆ వంపే. కనుక కర్ర కట్టుడంటే, రింగు ఎక్కడ పెట్టాలె, దాన్ని ఎట్ల పట్టి ఉంచాలె అన్నదే అసలు పని. కార్బన్‌కు మేకు కొట్టలేం, బెజ్జం పెట్టలేం. దారంతోనే చుట్టాలె.

దారం అనంగనే సిరిసిల్ల యాదికొచ్చింది. వచ్చే నెల అమ్మ దగ్గరికి పోవాలె.

నవంబర్ 3, ఆదివారం, జగిత్యాల

ఈ కర్ర ఎట్ల తయారైతదో రెండు రోజులుగా చదువుతున్న. చదివినకొద్దీ సిరిసిల్లల మా నేతోళ్ల వాడకట్టు సంగతి లెక్కనే ఉన్నది. మొదట ఉన్నది ఆక్రిలిక్ పోగు. స్వెటర్లు అల్లే నూలు జాతిదే. దాన్ని గాలి తగలకుండ వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే కార్బన్ పోగు మిగులుతది. ఆ పోగులను పల్చగా పరిచి, రెజిన్ పట్టించి, జెండా ఆకారంలో కత్తిరించి, కొసకు సన్నబడే ఉక్కు కడ్డీకి బిగించి చుడుతరు. కొలిమిలో ఉడికించినంక కడ్డీని గుంజేస్తరు. మిగిలిన గొట్టమే బామ్మర్ది తెచ్చింది.

గట్టి కార్బన్ పోగు చేసే పద్ధతిని 1960లలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థ కనిపెట్టింది. జపాన్‌లో టోరే కంపెనీ 1971లో కార్బన్ పోగును అమ్మకానికి తయారు చేయడం మొదలుపెట్టింది. పెద్ద విమానాల రెక్కల్లోకి ఎక్కకముందే అది గాలం కర్రల్లోకి, గోల్ఫ్ కర్రల్లోకి పోయింది. ఆ టోరే ఎవరు? 1926లో పెట్టినప్పుడు దాని పేరు టోయో రేయాన్. రేయాన్ నూలు తీసే కంపెనీ! మా బాపు బతికి ఉంటే ఈ ముచ్చట చెప్పి ఆయన ముఖం చూసేటోణ్ణి. భివండీలో పాతికేళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడిపిన మనిషి, నూలుతోటి ఏం చేయొచ్చో తనకు తెలువనిది లేదనుకునేటోడు.

నవంబర్ 9, శనివారం, కోరుట్ల

ఆఫీసు అయినంక మేదరోళ్ల ఇండ్ల దిక్కు పోయిన. కార్బన్ కర్ర ఒకటైతే, మన బొంగు కర్ర కూడా ఒకటి కట్టాలని మనసు. వాకిట్లో తట్టలు, చాటలు, కోళ్ల గంపలు. పెద్దాయన చాపమీద కూసొని దబ్బలు చీరుతున్నడు.

"గాలం కట్టెకు బొంగెందుకు సారూ? లోపల బొర్ర లేని గట్టి కట్టె కావాలె" అన్నడు, నేను అడగడం పూర్తి కాకముందే. అటువంటిది రాళ్ల గుట్టల మీద, నీళ్లు తక్కువున్న చోట పెరుగుతదట. ఇప్పుడే కొయ్యొద్దన్నడు. చలి ముదిరినంక అమాస దగ్గర కోస్తే పుచ్చు పట్టదని, వెన్నెల్లో కోస్తే పట్టుద్దని ఆయన లెక్క. కర్రలో ఉండే పిండికే పుచ్చు పురుగు వస్తదని పుస్తకాలూ చెప్తయి. చంద్రుని సంగతి మాత్రం ఆయనకే వదిలేస్తున్న.

చాలా సేపు ఆయన చేతులే చూసిన. కత్తి అంచును కొసలో దిగేసి, ఒకసారి మెలిపెట్టి, తర్వాత కత్తిని పక్కన పెట్టేసిండు. చీలికను చేతులతోనే నడిపిస్తున్నడు. చీలుతూ చీలుతూ ఒక దబ్బ సన్నబడబోతే, లావుగా ఉన్న దబ్బను కొంచెం ఎక్కువ వంచుతడు. చీలిక బుద్ధిగా మళ్ల నడిమికి వస్తది. కన్ను కాడ ఒక్క క్షణం ఆగి, మోకాలుతో ఒత్తి దాటిస్తడు. పన్నెండడుగుల కట్టె రెండు సమానమైన దబ్బలైంది.

"బలమంతా పైపెచ్చులనే. లోపలిది ఒట్టి గుజ్జు" అని గోటితో గీరి చూపెట్టిండు. ఈ మాటనే అమెరికాలో 1840లలో శామ్యూల్ ఫిలిప్పీ అనే ఆయన పట్టుకున్నడు. తుపాకులు, ఫిడేళ్లు చేసే మనిషి. వెదురును దబ్బలుగా చీరి, లోపలి గుజ్జు చెక్కేసి, పెచ్చు బయటికి ఉండేటట్టు అతికి గాలం కర్ర చేసిండు. తర్వాత హైరమ్ లియోనార్డ్ ఆరు దబ్బల కర్రను మిషన్ల మీదికి తెచ్చిండు. వాళ్లు మొదట్లో వాడిన వెదురు మన దేశందే. కలకత్తా రేవు నుంచి పోయేది కాబట్టి కలకత్తా కేన్ అనేటోళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చైనా నుంచి టాంకిన్ వెదురు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది.

ఇదంతా చెప్తే పెద్దాయన ఇంటున్నట్టే ఉన్నడు గని, ఆయనకు కావలసింది వేరే. "చేసి ఎవలికి అమ్ముతరు?"

"అమ్మ. సరదాకు."

"మాకు సరదా అంటే ఒక్కరోజు తట్ట అల్లకుంట కూసునుడే సారూ."

ప్లాస్టిక్ టబ్బులు వచ్చినంక తట్టలు అడిగేటోళ్లు పెండ్లిళ్లకే వస్తున్నరట. 1927 అడవి చట్టం వెదురును చెట్ల లెక్కలో కలిపింది. అడవి బయట పెంచిన వెదురును ఆ లెక్క నుంచి తీసేసింది 2017లో. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్తే, "ఇప్పుడు తీసి ఏం లాభం, అల్లేటోడు ఏడి?" అన్నడు. గట్టి కట్టెలు రెండు సంక్రాంతి అయినంక తెచ్చిపెడుతనని ఒప్పుకున్నడు. బయానా తీసుకోలేదు.

నవంబర్ 24, ఆదివారం, సిరిసిల్ల

బీవై నగర్ సందుల్లో నడుస్తుంటే ఒకప్పుడు మాట వినపడేది కాదు. ఇయ్యాల సగం సాంచాలు బందున్నయి. 2017 నుంచి సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు ఈ ఊరికి ఏటా కొన్ని నెలల పని ఇచ్చింది. ఈ దసరాకు చీరలు లేవు. మా ఇంటెనక ఆసామి పాలిస్టర్ బంద్ పెట్టి, లంగాల బట్టకు కాటన్ భీములు ఎక్కించుకున్నడు. ఆయన దగ్గర్నే దారం అడుక్కున్న: తెల్ల కాటన్, ఎర్ర పాలిస్టర్, నీలం పాలిస్టర్, పాత కండె మీద మిగిలిన బంగారు జరీ. పైసలంటే తిట్టిండు.

అమ్మ ముందట కర్ర పరిచి, నేను వీడియోల్లో చూసిన ఏర్పాటంతా చేసిన. దారం బిగువు సమానంగా ఉండాలె కాబట్టి, దాన్ని పాత పంచాంగం పేజీల నడుమ నుంచి పోనిచ్చి, పంచాంగం మీద బియ్యం డబ్బా పెట్టిన. అమెరికాలో ఈ పనికి టెలిఫోన్ డైరెక్టరీ పెడుతరు. అమ్మ కొంచెం సేపు చూసి, పంచాంగాన్ని తీసి మొక్కి అల్మారాలో పెట్టింది. "ఏలుకు తెలువదా ఎంత గుంజాల్నో?"

అమ్మ నలబై ఏండ్లు బీడీలు చేసింది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంటే పొద్దుమూకి దించేది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, మూతి మడుచుడు, ఆఖరుకు దారం. దారం చుట్టి తెంపేది రెప్పపాటులో. బిగువైతే ఆకు చినుగుతది, వదులైతే షాపు కాడ తీసి పక్కన పారేస్తరు, కూలి పోతది. బీడీలు లేని రోజుల్లో కండెలు చుట్టేది. ఆ వేళ్లకు నేను బిగువు గురించి చెప్పబోయిన.

రింగు పాదాన్ని కర్రకు ఆనించి టేపు వేసి చూపెట్టిన. ముడి వెయ్యొద్దు, ముడి వేస్తే పైన పూసే రెజిన్ కింద గుబ్బ కనపడతదన్న. ఆమె దారం కొసను కర్ర పొడుగునా పండుకోబెట్టి, దాని మీది నుంచే చుట్టడం మొదలుపెట్టింది. నాలుగు చుట్లకు కొస లోపల ఇరికిపోయింది. పోగు పక్కన పోగు, సందు లేదు, ఎక్కుడు లేదు. పాదం వాలు కాడికి వచ్చేసరికి దారం జారి వెనక్కి వస్తున్నది. కర్రను అటు తిప్పి ఇటు తిప్పి, "దీని మూతి మొద్దుగున్నది, అరగదీయి" అన్నది. నిజంగానే ఆకురాయితో పాదం అంచును చాకు మూతి లెక్క అరగదీయాలె, అప్పుడే దారం మెట్టు లేకుండ ఎక్కుతది. ఇది వీడియోలో పావుగంట చెప్పిర్రు.

ఆఖరుకు కొసను దాచే కిటుకు నేనే నేర్పిన, అదొక్కటి. చివరి అయిదారు చుట్ల కింద ఇంకో దారాన్ని ఉచ్చు చేసి పెట్టి, చుట్టుడు అయినంక కొసను ఆ ఉచ్చులో దూర్చి గుంజితే కొస చుట్ల కిందికి పోతది. అమ్మకు అది మస్తు నచ్చింది. ఊడదీసి మళ్ల చేసింది.

"వెయ్యికెంత ఇస్తరు?" అన్నది.

"ఏం ఇయ్యరు అమ్మా. నా సరదాకు."

"అగ్గిపెట్టెల పట్టే చీర నేసినోళ్ల ఊరిది. నువ్వు సరదాకు కట్టెకు దారం చుట్టుతున్నవు" అని నవ్వింది. నల్ల పరంధాములు గారి చీర సంగతి ఈ ఊళ్లో మాటకు ముందు వస్తది. మొన్న మొన్న హరిప్రసాద్ గారు జీ20 గుర్తును మగ్గం మీద నేసి పంపితే, 2022 నవంబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పిండు. అంత సన్నపు పని చేసిన వాళ్ల వాడకట్టులో నాది చిన్న పనే.

డిసెంబర్ 8, ఆదివారం, జగిత్యాల

ఇయ్యాల వెన్ను వెతికినం. కడ్డీకి చుట్టిన కార్బన్ బట్ట అంచులు ఎక్కడో ఒకచోట ఒకదాని మీద ఒకటి పడతయి కదా, అక్కడ కర్రకు బిర్రు ఎక్కువ. కొసను నేలకు ఆనించి, కర్రను ఏటవాలుగా పట్టుకొని, నడుమ అరచేత్తో ఒత్తి మెల్లగా దొర్లిస్తే ఒకచోట అదే గిర్రున తిరిగి కుదురుకుంటది. బిడ్డ పెన్సిలుతో గీత గీసింది. ఇంటర్‌లో భౌతికశాస్త్రం చదువుతున్నది, నా కంటే దానికే హుషారు. రింగులను వెన్ను వెంబడి కడితే చేప గుంజినప్పుడు కర్ర చేతిలో మెలి తిరగదంటరు. ఇప్పటి కర్రలకు వెన్ను అంతగా పట్టించుకోవలసిన పని లేదనేటోళ్లూ ఉన్నరు. మాకు మాత్రం కర్ర దొర్లి ఆగుడే ఆటయింది.

రింగుల లెక్కకు పాత వాళ్ల మాట ఒకటుంది: అడుగుకొకటి, ఆ పైన ఇంకొకటి. కొస నుంచి మొదలుకు వస్తున్నకొద్దీ వాటి నడుమ దూరం పెరగాలె. లెక్క కాగితం మీద సరిపోతది, కర్ర మీద చూడాలె. టేపుతో రింగులు అంటించి, తంగూసు దూర్చి, కొసకు కిరాణం అరకిలో బాటు కట్టినం. పిడిని కిటికీ ఊచలకు కట్టేస్తే కర్ర వంగింది. ఎక్కడెక్కడ దారం వంపు వెంబడి పోకుండ అడ్డదారిన గీత లెక్క పోతున్నదో అక్కడ రింగు దగ్గరికి జరపాలె. నడుమ ఒక చోట ఎంత జరిపినా దారం కర్రకు దూరంగనే పోతున్నది. ఇంకో రింగు పెట్టినం. బరువు పెంచి కిలో బాటు కడితే మళ్ల వేరే చోట. కొస కాడ గింత గింత మార్పుకే వంపు మొత్తం మారుతున్నది. మధ్యాహ్నం భోజనం ఆగిపోయింది, కిటికీ మూసుకోరాదు, ఇంటామె ఏమనలేదు గని గిన్నెలు గట్టిగ పెట్టింది.

పిడికి బెండు చక్రాలే మంచివంటరు. ఆ బెండు పోర్చుగల్ దిక్కు ఓక్ చెట్ల బెరడు. తొమ్మిదేండ్లకోసారి ఒలుస్తరు, చెట్టు చావదు. మాకు పోర్చుగల్ ఎక్కడిది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర ముక్క ఒకటి దొరికితే దూలం కొట్టోడి లేత్ మీద తిప్పించిన. చేతిలో పట్టుకుంటే బరువే తెలువదు, కాని రీలు మరలు బిగిస్తే నొక్కుకుపోతున్నది. పిడికి టేకు పెట్టిన, పొనికి ముక్కతో బెండ్లు చెక్కుకుంట. నీళ్ల మీద తేలడానికి దాన్ని మించింది లేదు.

డిసెంబర్ 22, ఆదివారం, జగిత్యాల

రెజిన్ రోజు. ఇంట్లో ఫ్యాన్లు బంద్, ఊడ్చుడు బంద్, దుమ్ము లేవొద్దు.

దారం చుట్టు మీద ఎపాక్సీ పూసి ఆరబెడితేనే రింగు కదలదు, నీళ్లు దిగవు. ఇంట్లో చెప్పులు అతికే ఆరల్డైట్ బంధువే ఇది, కాని అది పసుపు పచ్చ తిరుగుతది. ఇది బొమ్మలోళ్లు, టేబుళ్ల మీద పోసేటోళ్లు వాడే నీళ్లలాంటి రకం. రెజిన్‌కు ఒక సిరంజి, హార్డెనర్‌కు ఒక సిరంజి. సమపాళ్లు తప్పితే ఎన్ని రోజులైనా జిగటగనే ఉంటది. చలికి రెజిన్ గట్టిపడి సిరంజిలోకి ఎక్కకపోతే సీసాను గోరువెచ్చటి నీళ్లలో పెట్టిన. కలిపేటప్పుడు తొందరపడొద్దు, బుడగలు చేరుతయి. పూసినంక కనపడ్డ బుడగలను స్పిరిట్ దీపం సెగ దూరం నుంచి చూపిస్తే అవే పగులుతయి.

ఇంకో చిక్కు. పూసి ఊకె పెడితే రెజిన్ కిందికి జారి కారుతది. ఆరేదాకా కర్ర తిరుగుతనే ఉండాలె. విదేశాల్లో దీనికి మిషన్లు అమ్ముతరు. ఇక్కడ కూలర్ రిపేరు షాపులో, కూలర్ రెక్కలను అటూ ఇటూ తిప్పే చిన్న మోటరు ఉంటది. నిమిషానికి అయిదారు చుట్లే, ప్లగ్గులో పెడితే చాలు. జగిత్యాలలో ఎండకాలం 45 డిగ్రీలు దాటుతది కాబట్టి కూలర్ సామాన్లకు కొదవ లేదు, డిసెంబర్‌లో అడిగితే మాత్రం షాపోడు నన్ను కింది నుంచి మీదికి చూసిండు. పీవీసీ మూతకు మూడు మరలు బిగించి, సైకిల్ ట్యూబు తొడిగి, మోటరుకు తగిలించిన. కర్రకు ఆధారంగా అట్టపెట్టె అంచులో కోత.

మొదటి పూత దారం తాగేస్తది. అప్పుడు రంగులు బయటపడ్డయి. తెల్ల కాటన్ తెలుపు పోయి గాజులాగ అయింది, కింద రింగు ఉక్కు పాదం కనపడుతున్నది. ఎరుపు ముదిరి కాలిన ఇటుక రంగుకు దిగింది. నీలం నల్లగ మారింది. జరీ ఒక్కటే ఉన్నది ఉన్నట్టు మెరుస్తున్నది. దాని మీద లోహపు పొర, రెజిన్‌ను తాగదు. రంగు మారొద్దంటే ముందుగా ఇంకో పూత వేయాల్నట, లేకుంటే దానికోసమే చేసిన దారం కొనాల్నట. నాకు ఈ ఇటుక రంగే నచ్చింది. సిరిసిల్ల దారం జగిత్యాలలో ఏమవ్వాల్నో అదయింది.

రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. బిడ్డా నేనూ వంతుల వారీగా చేతులతో తిప్పినం. అది ఎక్కాలు చదువుకుంటూ తిప్పింది, నేను పాటలు పాడుతూ తిప్పిన, పొరుగింటాయన గోడ మీది నుంచి తొంగిచూసి ఏం పూజ అని అడిగిండు.

కర్ర మీద ఏమన్న రాయాల్నంటది బిడ్డ. సన్న పెన్నుతో "7 అడుగులు, జగిత్యాల, 2024" అని రాసి పైన పూత వేసినం. పేర్లు వద్దన్న.

2025 జనవరి 15, బుధవారం, సిరిసిల్ల

కనుమ. పని లేదు. వాడకట్టు పోరగాళ్లు నా దారం పెట్టె చూసి మాంజాకు అడిగిర్రు. నైలాన్ మాంజా నిషేధమని చెప్పి కాటన్ కండె ఒకటి ఇచ్చి పంపిన. సాయంత్రానికి తెగిన గాలిపటాలన్నీ మా డాబా మీదనే.

ఫిబ్రవరి 9, ఆదివారం, సిరిసిల్ల

కర్రను నీళ్ల మీదికి తీసుకపోయిన. చెరువు మీదికి పోతే గంగపుత్రుల, ముదిరాజ్‌ల సంఘం ఒప్పుకోవాలె, అది న్యాయమే. 2016లో సర్కారు ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది వాళ్ల బతుకుదెరువు కోసం, నా సరదాకు కాదు. మిడ్ మానేరులోనైనా వలేసేది లైసెన్సున్నోళ్లే. అక్కడి సంఘపాయనను ముందే అడిగి, పట్టింది పట్టినట్టు వదిలేస్తనని మాటిచ్చి పోయిన.

మాన్వాడ కాడ కట్టిన ఆనకట్ట వెనక 27 టీఎంసీల పైచిలుకు నీళ్లు నిలుస్తయి. కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, చింతలఠాణా... నీళ్ల కింద మునిగిన ఆ ఊర్లోళ్లు ఇప్పుడు కాలనీల్లో ఉన్నరు. ఒడ్డున నాకంటే ముందే ఒకాయన కూసున్నడు. కంక కట్టె, తంగూసు, పల్లిచెక్క, తవుడు కలిపిన ముద్ద. నీళ్లలో ఎండిన తుమ్మచెట్టు కొమ్మ ఒకటి కనపడుతుంటే, "గా తుమ్మ కాడ మా మక్కచేను గట్టు. గట్టు కాడ నీళ్లు జర తక్కువ, ఆడికే వస్తయి చేపలు" అన్నడు. నీళ్ల కింద ఎక్కడ బాయి, ఎక్కడ బాట, ఎక్కడ రాళ్ల కుప్ప, అన్నీ ఆయనకు తెలుసు. సోనార్ మిషన్లు కొనేటోళ్లు ఆయనను చూడాలె.

నేను గాలం విసిరితే ఆయన కన్ను గాలం దిక్కు పోలేదు. చెవి పెట్టిండు. "మొదటి రింగు కాడ దారం కొట్టుకుంటున్నది. జర ముంగటికి జరుపు." రీలు మీది నుంచి దారం పెద్ద పెద్ద చుట్లుగా వదులుతది. మొదటి రింగు రీలుకు దగ్గరగా ఉంటే ఆ చుట్లు దాన్ని కొడుతూ పోతయి, దూరం తగ్గుతది. రీలు కర్రను జన్మలో పట్టని మనిషి సప్పుడుతోనే చెప్పిండు. కర్రను ఆయన చేతికిచ్చిన. ఒకసారి ఊపిండు, కొసను చూసిండు, దారం చుట్లను బొటనవేలితో తడిమిండు.

"గిది ఎవలు చుట్టిర్రు?"

"మా అమ్మ."

"బీడీల చెయ్యి" అన్నడు.

నాకు ఒక జెల్ల పడ్డది. ముల్లు విరవకుండ వదిలేసిన. ఆయనకు కిలో దాటిన రవ్వ.

మార్చి 2, ఆదివారం, జగిత్యాల

నిన్న ఆఫీసులో ఒకాయన, గాలం వేసుడు పనిలేనోళ్ల పని అన్నడు. కాదనలేదు గని, రాజులకూ అదే పని ఉండేది. ఈ ప్రాంతాన్ని కూడా ఏలిన కల్యాణి చాళుక్యుల మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో మానసోల్లాసం రాసిండు. అందులో రాజుల వినోదాల్లో మత్స్య వినోదం ఒకటి. చేపల రకాలు, ఏ చేపకు ఏ మేత, గాలం ఎట్ల వేయాలె అన్నీ ఉన్నయి. మద్రాసు ప్రెసిడెన్సీలో దొర ఉద్యోగం చేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మన దేశపు గాలం మీద ఒక పుస్తకమే అచ్చేసిండు. ఆయన కర్రల గురించి మస్తు రాసిండు. నాకు రుచించేది మాత్రం, చేపకు మేత పెట్టే సోమేశ్వరుని ఓపికే. వలేసి పట్టుకురమ్మంటే క్షణాల్లో తెచ్చే మనుషులు ఉండి కూడా ఒడ్డున కూసున్నడు.

ఆయన గాలం పట్టుకున్నప్పుడు ఆ తాడు పేనింది ఎవరో, కట్టె కోసింది ఎవరో మానసోల్లాసంలో వెతకాలె.

ఏప్రిల్ 13, ఆదివారం, కోరుట్ల

మేదరి పెద్దాయన మాట నిలబెట్టుకున్నడు. రెండు గట్టి కట్టెలు జనవరి అమాసకు కోయించి నీడలో ఆరబెట్టి పెట్టిండు. ఇయ్యాల వంకర తీసుడు చూసిన. కొబ్బరి చిప్పల మంట మీద కన్ను కాడ వేడి చేస్తడు. మంటలో పెట్టడు, పైన తిప్పుతడు. పెచ్చు మీద నూనె చెమట పట్టినట్టు లేస్తది. అప్పుడు రెండు రాళ్ల నడుమ ఇరికించి ఒత్తి, తడి గుడ్డ వేస్తడు. సెగ ఎక్కువైతే కర్ర నల్లబడి అక్కడే విరుగుతది, తక్కువైతే పొద్దుగూకేసరికి మళ్ల వంకర తిరుగుతది. ఎంత సేపని అడిగితే, "నూనె కనపడేదాక."

ఆరు దబ్బల కర్ర నాకు వద్దనిపించింది. ఇంత నిండు కట్టెను చీరి మళ్ల అతుకుడెందుకు. కట్టె కట్టెగనే రింగులు కడుత.

ఈసారి పైసలు తీసుకున్నడు. తట్టకు తీసుకునేదానికి రెండింతలు అడిగిండు. సరదా పనికి కూలి ఎక్కువుండాలని ఆయన కొత్త లెక్క. బేరం చెయ్యలేదు.

జూన్ 8, ఆదివారం, సిరిసిల్ల

మృగశిర. ఊరంతా చేపల వాసన. హైదరాబాద్ నాంపల్లిలో బత్తిని వాళ్ల చేప ప్రసాదానికి, బతికిన కొర్రమట్ట పిల్లల కోసం జనం బారులు తీరుతరు. ఇక్కడ సంఘం వాళ్ల తూకాల కాడ నిలబడితే మన వంతు మధ్యాహ్నానికి వచ్చింది. కొర్రమట్ట ధర అడిగి బొచ్చె కొనుక్కొని వచ్చిన.

మా వాడకట్టు కుర్రోడొకడు రబ్బరు కప్ప వేసి కొర్రమట్టను పడుతనని కార్బన్ కర్ర అడుగుతున్నడు. తామరాకుల నడుమ కప్ప దుంకినట్టు లాగితే కొర్రమట్ట గబుక్కున పట్టుద్ది, దానికి ఈ కర్ర పనికొస్తది, నిజమే. కాని వానలు పడ్డంక పిల్లల గుంపును కొర్రమట్ట తల్లీతండ్రీ వెంట ఉండి కాస్తయి. నీళ్ల మీద ఎర్రగ పిల్లలు గుమిగూడి కనపడ్డ చోట కప్ప వేస్తే కోపానికొచ్చి పట్టేది ఆ కాపలా చేపనే. దాన్ని తీస్తే పిల్లలు మిగలవు. ఆగస్టు దాటినంక ఇస్తనన్న. ముఖం మాడ్చుకున్నడు.

బొంగు కర్రకు అమ్మ చుట్టుడు నిన్న రాత్రి అయిపోయింది. నేను చెప్పిన ఇటుక రంగు కాదు. ఆకుపచ్చ మీద జరీ గళ్లు వేసింది. రెండు దారాలు అడ్డం దాటించి గళ్లు ఎట్ల తెచ్చిందో నాకు చెప్పలేదు, విప్పి చూడనియ్యలేదు. రెజిన్ పూయడానికి ఈ ఎండల్లో రాత్రే వీలు, కలిపినంక పావుగంటలో గట్టిపడుతున్నది. కొంచెం కొంచెమే కలుపుకోవాలె.

మిడ్ మానేరు ఒడ్డు ఆయన మొన్న ఇంటికి వచ్చిండట. తన కంక కట్టెకు రింగులు కట్టియ్యమని ఇచ్చి పోయిండు, పాత రీలు ఎక్కడ్నో సంపాదించిండు. పైసలు లేవు, చేపలిస్తనన్నడట. అమ్మ ఒప్పుకోలేదు. "సరదా కొడుకుది, చుట్టుడు నాది. రింగుకు పది రూపాయలు" అని చెప్పి పంపింది. ఆయన ఆరు రింగులకు అరవై ముందే ఇచ్చిండు. మొదటి రింగు రీలుకు ఎంత దూరముండాల్నో కట్టె మీద బొగ్గుతో ఆయనే గీత పెట్టిండు. నేను పెట్టబోయిన చోటుకు అది జానెడు ముందున్నది. గీత మీదనే కట్టాలె.